సికిందరాబాదు బజారు మేడలు

ఒక పట్టణముయొక్క పూర్వచరిత్రను గూర్చి ప్రసంగము వచ్చినపుడెల్ల మనవారికి మొదట స్ఫురించునవి కోటలు, దేవాలయములు, రాజప్రాసాదములు. అవి స్ఫురింపవలసినవే. కాని పట్టణము రాజులవలన మాత్రమే వెలయునది కాదు. దండు విడిసినచోట అంగడి వెలయును. దండు లేచిపోయినను అంగడి లేచిపోదు. తరతరముల ప్రజలు ఎండకును వానకును తలదాచుకొని, బేరమాడి, అప్పు తెచ్చి, అప్పు తీర్చి, పెండ్లికి పట్టుబట్టలును పండుగకు పప్పుబెల్లములును కొనిపోయిన స్థలము కోట గాదు, బజారు. అట్టి బజారు మేడలను గూర్చి నేడు కొంత వ్రాయదలచితిమి. వాని అందమును వర్ణించుట మా ముఖ్యోద్దేశము గాదు. అవి యొక్కొక్కటిగా నేలమట్టమగుచుండ, ఆ నష్టము ఎవరిదో ఎవరును విచారింపకుండుటయే మమ్మీ విషయమునకు పురికొల్పినది.

సికిందరాబాదున గోల్కొండవంటి దుర్గము లేదు. చౌమహల్లావంటి ప్రాసాదము లేదు. 1798వ సంవత్సరమున నిజాము ఆంగ్లేయులతో చేసికొనిన సంధి ఈ నగరమునకు బీజము. ఆ సంధి ననుసరించి హుస్సేనుసాగరమునకు ఉత్తరమున విడిసిన సైన్యమునకు 1806లో మూడవ నిజామైన సికిందర్ జా స్థలము నొసగెను. ఊరికి ఆయన పేరే నిలిచినది. హైదరాబాదునకు వచ్చు సరకుపై దిగుమతి సుంకముండగా ఇక్కడికి వచ్చు సరకునకు ఆ సుంకము లేకుండెను. సుంకము లేనిచోట వర్తకుడు నిలుచుట వింతగాదు. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు అను పేర్లే తమ పుట్టుకను చెప్పుచున్నవి. మార్వాడమునుండి సాహుకార్లు వచ్చిరి. గుజరాతునుండియు బొంబాయినుండియు వర్తకులు, పార్సీలు వచ్చిరి. చెన్నపట్టణపు దిక్కునుండి మొదలియారులు వచ్చిరి. మన తెలుగు వైశ్యులు నలుదెసలనుండి వచ్చి కొట్లు తెరచిరి. 1874లో పొగబండి వచ్చినది. దానితో దండుకొరకు పుట్టిన బజారు దేశమునకంతటికిని బజారైనది. 1945లో ఆంగ్లేయులు ఈ నగరములోని పెక్కుభాగమును మరల నిజాము ప్రభుత్వమునకు అప్పగించిరి. 1960లో ఇక్కడి పురపాలకసంఘము హైదరాబాదు కార్పొరేషనులో కలిసిపోయినది. పాలకులు మారిరి, వీధులపేర్లు మారినవి, జేమ్స్ వీధి మహాత్మాగాంధీ రోడ్డైనది. బజారుమాత్రము బజారుగనే యున్నది.

ఇచట ఒక ఆక్షేపణ వినవచ్చును. పరప్రభుత్వపు దండు నీడలో పుట్టిన వీధులను, దొరల పేరు మోసిన వీధులను, స్వతంత్రభారతీయుడేల కాపాడవలయునని కొందరు దేశాభిమానులు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న తేలికగా త్రోసిపుచ్చదగినది గాదు. పరప్రభుత్వముయొక్క చిహ్నములను నెత్తిన పెట్టుకొని ఊరేగవలెనని మేమెన్నడును చెప్పము. కాని ఈ వీధులను కట్టిన దెవరు? 1897 ఫిబ్రవరి 1వ తేదీని రెసిడెంటు ప్లౌడెన్ దొర ఆవిష్కరించిన 120 అడుగుల గడియారస్తంభమును చూడుడు. ఆవిష్కరించినది దొర, అందులోని గడియారమును దానమిచ్చినవాడు దివాన్ బహదూర్ సేట్ లక్ష్మీనారాయణ రామగోపాల్ అను వర్తకుడు. జేమ్స్ వీధిలో 1900లో వెలసిన పోలీసు ఠాణాను చూడుడు. దాని గడియారపు బురుజు నేటికిని బాటసారికి ఆనవాలు. దానిని కట్టించినదియు సేట్ రామగోపాలే. రామగోపాల్‌పేట యని ఆ ప్రాంతమునకే ఆయన పేరు వచ్చినది. 1862లో మహబూబు కళాశాలకు మూలమైన పాఠశాలను నెలకొల్పినవాడు సోమసుందరం మొదలియారు. 1893లో వివేకానందస్వామి అమెరికాకు పోవుటకు కొలదిమాసములు ముందు ప్రసంగించినది ఆ విద్యాలయముననే. పేరు దొరది, పైకము మనది. శంకుస్థాపన దొరది, చెమట మన తాపీపనివానిది, వడ్రంగిది, ఒడ్డెరది. కావున ఈ కట్టడములను పరాయివని విడిచివేయుట మన పూర్వుల కష్టార్జితమును మనమే దొరలకు దానపట్టా వ్రాసి యిచ్చుటవంటిది.

ఇక ఈ బజారు మేడల నిర్మాణమెట్టిదో పరిశీలింతము. వీధివైపు వెడల్పు స్వల్పము. లోపలికి పొడవు హెచ్చు. బజారులో వీధిముఖమే ధనము గనుక పదిమంది వర్తకులకును కొంత ముఖము దక్కునట్లు స్థలమును నిలువుగా పంచుకొనిరి. క్రింద అంగడి, పైన సంసారము, వెనుక సరకుకొట్టు, నడుమ గాలివెలుతురులకు చిన్న ముంగిలి. యజమాని మెట్లు దిగిన పనిలోనికి వచ్చును. మెట్లెక్కిన ఇంటికి చేరును. రాత్రి బజారు కట్టివేసిన పిదపను పై కిటికీలలో దీపము లుండును గనుక వీధి నిర్మానుష్యము గాదు. ఒక కాపలావానికి జీతమిచ్చి పొందలేని రక్షణ ఆ దీపములవలన వీధికి ఉచితముగ లభించెడిది.

అంగడిముందు అరుగు, అరుగుపై వసారా. వసారాను కొన్నిచోట్ల రాతికంబములు, కొన్నిచోట్ల పోతయినుప కంబములు, మరికొన్నిచోట్ల ఇటుక కమానులు మోయును. అంగడికి రెక్కల తలుపులు గావు, నిలువుపలకలు. ఉదయమున వానిని గాడినుండి ఒక్కొక్కటిగా తీసి ప్రక్కన పేర్చినచో కొట్టు కొట్టంతయు వీధికి తెరచుకొనును. కొనువానికిని అమ్మువానికిని నడుమ తెరగాని అద్దముగాని లేదు. పైయంతస్తున చెక్కకటకటాల నడవ. దానిపైన పిట్టగోడ. పిట్టగోడమీద గచ్చుతో తీర్చిన లతలు, పువ్వులు, ఒక్కొక్కచోట కట్టిన సంవత్సరము. దొరల బంగళాలో చూచిన గుండ్రని కమానును, తన ఊరి మండువాలోని చెక్కడపు దూలమును, నవాబుదేవిడీలోని గచ్చుపనిని ఒకే గోడమీదికి తెచ్చుటకు మన మేస్త్రి సంకోచింపలేదు. పండితులు దీనిని ఏ శైలియందును చేర్చలేక మిశ్రమని తేలికచేయుదురు. మిశ్రమగుటయే దీని నిజస్థితి. బజారులో నాలుగు భాషలు వినబడినట్లే మేడమీద నాలుగు దేశముల పనితనము కనబడును.

గోడలు అడుగున్నర మొదలు రెండడుగుల మందము. ఇటుకయు రాయియు గానుగసున్నముతో పేర్చినవి. సున్నము గాలిలోని బొగ్గుపులుసుగాలిని పీల్చుకొని ఏండ్లతరబడి మెల్లమెల్లగా మరల రాయియగును. అది చెమ్మను పీల్చి ఎండలో విడిచిపెట్టును. కప్పు చెన్నపట్టణపు మిద్దె: టేకుదూలములపై సన్నని ఇటుకలను అంచున నిలిపి సున్నముతో అతికి, పైన ఇటుకముక్కలును సున్నమును కలిపి పరచి, కరక్కాయ బెల్లముల నీరు చల్లుచు కూలిజనము వరుసగా కూర్చుండి దిమ్మిసలతో రోజులతరబడి కొట్టి గట్టిపరచినది. ఇట్టి గోడమీద నేటి మేస్త్రి మరమ్మతు పేరిట సిమెంటు పూసినప్పుడు ఏమగును? చెమ్మ బయటికి పోవు దారి మూసికొనిపోవును. లోపల సున్నము పొడియగును. దూలపుకొన చివికిపోవును. పదేండ్లలో ఇంజనీరు వచ్చి, ఇది శిథిలము, కూల్చవలసినదని కాగితము వ్రాయును. వయస్సువలన చచ్చినదనుకొన్న మేడ నిజమునకు వైద్యమువలన చచ్చినదని గ్రహించువారు కొలది.

ఇంత చెప్పినదియు ఒక ఎత్తు. వసారా ఒక్కటియు ఒక ఎత్తు. ఆ వసారాలోని నీడ ఎవరిదని మేము ప్రశ్నించుచున్నాము. స్థలము యజమానునిది, కంబము యజమానునిది, కప్పు యజమానునిది. కాని ఆ నీడలో నడచువాడు బాటసారి. పల్లెనుండి వచ్చిన రైతు మూట దించుకొని కూర్చుండునది అచటనే. జేష్ఠమాసపు మండుటెండలో బిడ్డనెత్తుకొన్న తల్లి నిలుచునది అచటనే. ఆషాఢమున మహంకాళి బోనాలకు వచ్చిన జనము జడివానకు చేరునదియు అచటనే. పన్ను కట్టకయే, అనుమతి యడుగకయే ప్రజలనుభవించు ఈ నీడ పాతవర్తకుడు వీధికి చేసిన దానము. అందులో వ్యాపారబుద్ధియు లేకపోలేదు. నీడకు నిలిచినవాడు సరకుకేసి చూడక మానడు. పుణ్యమును పురుషార్థమును ఒకే కప్పుక్రింద సాధించిన గృహనిర్మాణమిది. అందుచేత బజారుమేడ సగము యజమానుని సొత్తు, సగము వీధి సొత్తని మా నిశ్చితాభిప్రాయము. ఈ వ్యాసమునందు మేము చెప్పదలచిన విషయమంతయు ఈ యొక్క వాక్యముననే యున్నది.

ఇది మా కల్పన గాదు. ఇతరదేశములలో ప్రభుత్వములే ఈ ధర్మమును శాసనముగ నేర్పరచినవి. 1822లో సింగపూరు పట్టణమునకు ప్రణాళిక వేయించిన రాఫెల్సు, ప్రతి ఇంటి ముందును నియతమైన లోతుగల వసారా ఉండవలెననియు, అది ఎల్లవేళలను తెరచియుండి వీధిపొడవునను కప్పుగల బాటగా సాగవలెననియు విధించెను. ఐదడుగుల బాటయని దానికి నేటికిని పేరు. రెండువందల యేండ్లు గడచినను, ఆకాశమంటు భవనములు వెలసినను, ఆ బాటతోగూడిన పాత అంగడి యిండ్లను 1980 దశకమునుండి సింగపూరు పేటలు పేటలుగా కాపాడుకొనుచున్నది. మనవారు విమానమెక్కి పోయి వానిని చూచి, ఛాయాచిత్రములు తీయించుకొని వచ్చుచున్నారు. పొరుగింటి పుల్లకూర రుచి యను సామెత ఊరక పుట్టలేదు.

సింగపూరుదాక పోనేల? హుస్సేనుసాగరమునకు ఆవలియొడ్డునే మనకు సాక్ష్యము గలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసిన పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. ఆ మండలివారు చార్మినారు దాపున పత్తర్‌గట్టి బజారును తీర్చిదిద్దునప్పుడు వీధికి ఇరువైపుల ఒకే ఎత్తున, ఒకే వరుసను, రాతికమానులు నిలిపి, వాని వెనుక అంగళ్లను, పైన నివాసములను అమర్చిరి. లోపల ఏ వర్తకుడు ఏ సరకు పెట్టుకొన్నను, వీధిముఖము మాత్రము అందరిది. అదే మండలి 1935లో మొజంజాహి మార్కెట్టును గ్రానైటు రాతితో, గుమ్మటములతో, గడియారపు బురుజుతో నిర్మించినది. ఒక నియమము పెట్టి నిలబెట్టినచో ఒక వీధియే ఒక మహాసౌధమగునని ఈ రెండును చాటుచున్నవి. సికిందరాబాదున అట్టి మండలి లేకయే, వర్తకుల పరస్పరమర్యాదవలననే వసారాకు వసారా కలిసినది. శాసనము లేని ఆ మర్యాద నేడు సడలిపోయినది.

సడలిన తీరు బజారులో నడచువారందరికిని కనబడుచునే యున్నది. ఒకడు వసారాను గోడతో మూసి కొట్టులో కలుపుకొనును. ప్రక్కవాడు నేనేల వెనుకబడుదునని ఇనుపరేకుల తలుపును ఇంకను ముందుకు జరుపును. మూడవవాడు మేడను కూల్చి గాజుపలకల కట్టడమును వీధి యంచుదాక తెచ్చును. బాటసారి వసారానుండి బండ్లబాటలోనికి నెట్టబడును. మిగిలిన మేడల మొగములమీద మూరెడు కాళీ లేకుండ ప్రకటనపలకలు బిగింపబడినవి. వానిపై విద్యుత్తీగెలు సాలెగూడువలె అల్లుకొన్నవి. క్రింద నిలిచి తలయెత్తినవానికి పిట్టగోడ కనబడదు, సంవత్సరము కనబడదు.

క్రొత్త కట్టడములన్నియు చెడ్డవనియు పాతవన్నియు మంచివనియు మేమనము. కాని క్రొత్తదనము పేరిట మనకు లభించిన దేమో లెక్క చూచుకొనవలసిన సమయము వచ్చినది. 2022 మార్చి 23న బోయిగూడలోని తుక్కుగోదాములో మంటలు లేచి 11 మంది బీహారు కూలీలు నిద్రలోనే చిక్కుకొని మరణించిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 12న, క్రింద విద్యుద్వాహనముల అంగడియు పైన బసయును గల కట్టడములో 8 మంది మరణించిరి. 2023 జనవరి 19న రామగోపాల్‌పేట నల్లగుట్టలోని వస్త్రదుకాణపు కట్టడము కాలి ముగ్గురు పనివారు మడిసిరి. మార్చి 16న స్వప్నలోక్ అంగళ్ల సముదాయమున 6గురు యువతీయువకులు పొగకు ఊపిరాడక మరణించిరి. ఒక్క సంవత్సరకాలమున, ఒక్క సికిందరాబాదున, ఇరువదియెనిమిది ప్రాణములు. పాతమేడలు కాలవని కాదు. టేకుదూలము కాలును, ముసలి తీగెలనుండి నిప్పురవ్వ లేచును. ఆ భయము మాకును గలదు. కాని అంగడి ముఖమంతయు వీధికి తెరచియుండుట, నడుమ ముంగిలియుండుట, ప్రతి యంతస్తునకును బయటి నడవ యుండుట, ఇవి కేవలము అలంకారములు గావు. పొగ పోవుటకు, మనుష్యుడు బయటపడుటకు అవి దారులు. సరకును నేలమాళిగలో కుక్కి, కిటికీలను పలకలతో మూసి, మెట్లదారిలో పెట్టెలు పేర్చి, దానిని నాగరకత యనుకొనువారు ఈ యిరువదియెనిమిదిమంది పేరిట ఒకసారి పునరాలోచింపవలయును.

ఇక చట్టమేమి చేయుచున్నదో చూతము. 1981 నాటి హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థవారి నిబంధనలలో 1995లో 13వ నిబంధన చేర్చబడి, చరిత్రాత్మక కట్టడముల పట్టికయు, వానిని కనిపెట్టియుండు సంఘమును ఏర్పడినవి. అదే సంవత్సరమున బొంబాయి నగరమునను అట్టి నిబంధనలు వచ్చినవి. దేశమునకు దారిచూపిన నగరములలో మనది యొకటియని గర్వించుటకు అవకాశము లభించినది. ఆ గర్వము ఇరువదియేండ్లు నిలిచినది. 2015 డిసెంబరులో ప్రభుత్వమువారు ఆ నిబంధనను తొలగించిరి. 2017లో తెలంగాణ వారసత్వచట్టమును చేసిరి. 2019లో శాసనసభాభవనముకొరకు ఎర్రమంజిల్ ప్రాసాదమును కూల్చుటకు మంత్రివర్గము నిశ్చయింపగా సెప్టెంబరు 16న ఉన్నతన్యాయస్థానము ఆ నిశ్చయమును కొట్టివేసినది. ఇది సంతోషదాయకమే. కాని ఎర్రమంజిల్ ప్రాసాదము. దానికొరకు వాదించుటకు పండితులు, పత్రికలు, న్యాయవాదులు ముందుకు వచ్చిరి. జనరల్ బజారులోని ఇరువదియడుగుల వెడల్పుగల బట్టలకొట్టుకొరకు ఎవరు ముందుకు వత్తురు? అది ఒక రాత్రి కూలును. తెల్లవారునప్పటికి అచట రేకులచాటున గొయ్యి యుండును. 2025లో సికిందరాబాదు రైలుస్టేషను పాతముఖమే క్రొత్త నిర్మాణముకొరకు నేలమట్టమైనది. లక్షలమంది ఎరిగిన ఆ కమానులకే దిక్కులేనప్పుడు పేరులేని మేడ గతి యేమి?

మొజంజాహి మార్కెట్టు సంగతి మనకు ధైర్యమునిచ్చుచున్నది. 2018లో ఆరంభించి, రేకులు, పందిళ్లు, పలకలు తొలగించి, రాతిని శుభ్రపరచి, 2020 ఆగస్టు 14న దానిని మరల తెరచిరి. అంగళ్లు ఎప్పటివలె సాగుచున్నవి. సాయంకాలమున ఐస్‌క్రీము తినువారితో ప్రాంగణము కళకళలాడుచున్నది. ప్రాచీనమైన అంగడి కట్టడము వ్యాపారమునకు అడ్డు గాదని ఋజువైనది. కాని ఒక భేదమును మరువరాదు. ఆ మార్కెట్టు ప్రభుత్వపుసొత్తు. ఒక అధికారి పట్టుబట్టినచో పని నెరవేరినది. సికిందరాబాదు మేడలు ప్రజలసొత్తు. అచట అధికారి పట్టుదల చాలదు. యజమానుని మనస్సు కావలెను.

యజమానుని మాట కూడ న్యాయముగ వినవలయును. మా చదువరులలో అట్టి యజమానులనేకులు గలరు. తాతగారు కట్టిన మేడకు నేడు పదునలుగురు వారసులు. క్రింది కొట్టులో ముప్పదియేండ్ల నాటి కిరాయిదారు. 1960 నాటి కిరాయి నియంత్రణచట్టపు కాలమునుండి వచ్చిన వ్యాజ్యములు తండ్రినుండి కొడుకునకు ఆస్తివలె సంక్రమించినవి. వచ్చు కిరాయి సున్నమునకు చాలదు. ప్రక్కస్థలమున ఐదంతస్తులు లేచి నెలకు లక్షలు తెచ్చుచుండగా, నీవు మాత్రము పూర్వులకీర్తిని కాపాడుచు ఊరకుండుమనుట ఏమి న్యాయము? కీర్తి పదిమందిది, కష్టము ఒక్కనిది యైనచో ఆ కీర్తి నిలువదు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడుమని పెద్దలనిరి. పాతయిల్లు నిలిపి చూడుమని వారు చేర్చియుండిన మూడవకష్టము నేడు బోధపడును.

మలయాలోని పినాంగు ద్వీపమున జార్జిటవును అను పట్టణముయొక్క అనుభవము ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. అక్కడ కిరాయి నియంత్రణము ఏండ్లతరబడి యుండుటచే అంగడి యిండ్లు కూలకయు బాగుపడకయు అట్లే నిలిచినవి. 2000 సంవత్సరారంభమున ఆ నియంత్రణమును ఒక్కసారిగా తొలగింపగా కిరాయిలు పెరిగి, తరతరములుగ నున్న చేతిపనివారును చిల్లరవర్తకులును వెడలిపోయిరి. 2008లో ఐక్యరాజ్యసమితివారి ప్రపంచవారసత్వ గౌరవము లభించునప్పటికి పెక్కు ఇండ్లలో పాతజనము లేరు. కిరాయిని కట్టివేసినచో మేడ చచ్చును. కట్టు ఒక్కసారి తెంచినచో బజారు చచ్చును. ఈ రెంటినడుమ దారి వెదకుట రాజనీతిజ్ఞుల పని.

ఆ దారిని గూర్చి మాకు తోచిన సూచనలను ప్రభుత్వమువారి ముందును, కార్పొరేషనువారి ముందును, వర్తకసంఘములవారి ముందును ఉంచుచున్నాము.

మొదటిది: ఒక్కొక్క మేడను గాక వీధిని వీధిగా పట్టికలో చేర్చవలెను. ఒక మేడ నిలిచి ఇరుప్రక్కలను గాజుకట్టడములు లేచినచో ఆ మేడ పండ్లూడినవాని నోట మిగిలిన పన్నువలె నుండును. జనరల్ బజారునుండి గడియారస్తంభము వరకును, మహాత్మాగాంధీ రోడ్డు పాతభాగమును ముందుగ కొలిచి, చిత్రములు వ్రాయించి, ప్రతి వసారాను గుర్తింపవలెను. కూలిన పిదప పట్టిక వ్రాయుట గతజలసేతుబంధనము.

రెండవది: నిర్బంధము వీధిముఖమునకును వసారాకును పరిమితము గావలెను. లోపల యజమాని ఇనుపదూలము వేసికొనునో, విద్యుత్పంకా పెట్టుకొనునో, వెనుకభాగమున అంతస్తు పెంచుకొనునో, అది అగ్నిరక్షణ నిబంధనలకు లోబడి అతని స్వేచ్ఛకు విడువవలెను. వీధి సొత్తైన సగమును వీధికి కాపాడి, తన సొత్తైన సగమును తనకు విడుచుట న్యాయము.

మూడవది: నష్టమునకు ప్రతిఫలమీయవలెను. కట్టుకొనుటకు హక్కుండియు కట్టని అంతస్తుల హక్కును వేరొకచోట అమ్ముకొను విధానము 2012 నాటి భవననిర్మాణ నిబంధనలలోనే గలదు. చరిత్రాత్మక కట్టడములను నిలుపువారికి అది వర్తించును. అహమదాబాదు పాతనగరమున గృహయజమానులకు ఇట్టి హక్కు నిచ్చుచున్నారు. కాని పట్టికలో పేరులేని మేడకు ఈ హక్కు రాదు. పట్టిక యనగా సంకెల యని భయపడు యజమానులు ఈ సంగతిని గమనింపవలెను: ప్రతిఫలమునకు తలుపు తెరచునదియు ఆ పట్టికయే. దానితోపాటు వసారాను తెరచియుంచిన మేడకు ఆస్తిపన్నులో తగ్గింపు నిచ్చినచో కార్పొరేషనువారికి పోవునది స్వల్పము, ప్రజలకు వచ్చునది అధికము.

నాలుగవది: సున్నపుపని తెలిసిన మేస్త్రీలు అంతరించుచున్నారు. గానుగసున్నము నూరుట, గచ్చు తీర్చుట, మిద్దె కొట్టుట నేర్పుటకు నగరమునందలి సాంకేతిక పాఠశాలలలో ఒక తరగతిని తెరచుట కష్టసాధ్యము గాదు. మేడ నిలువవలెనన్న మేస్త్రి నిలువవలెను. పదిమంది యువకులకు అన్నము పెట్టు విద్య యిది.

ఐదవది: చట్టము కొరకు ఎదురుచూడక వర్తకసంఘములవారే చేయదగిన పని యొకటి గలదు. ప్రకటనపలకలను తలుపు నెత్తిమీది పట్టీకి పరిమితము చేసికొనుట, మూసిన వసారాలను తెరచుట, తీగెలను సరిచేయించుట. ఒక్క కొట్టువాడు చేసినచో నష్టపడునేమో. వీధివారందరును ఒకేనాడు చేసినచో నష్టపడువాడుండడు. విదేశవస్త్ర బహిష్కారమునాడు ఒకే మాటమీద నిలిచి నష్టమునకోర్చిన వర్తకులు మన దేశమున కొదువలేదు. వారి మనుమలు అరుగంత స్థలముకొరకు ఒక మాటమీద నిలువలేరని మేము నమ్మము.

మన రాజ్యాంగము 51-ఏ అధికరణమున ఈ దేశపు మిశ్రమసంస్కృతియొక్క వారసత్వమును గౌరవించి కాపాడుట ప్రతిపౌరుని విధియని చెప్పుచున్నది. మిశ్రమసంస్కృతి యను మాటకు అర్థము పుస్తకములలో వెదకనక్కరలేదు. మార్వాడీ పైకముతో, తెలుగుమేస్త్రి చేతితో, ఆంగ్లేయుని కమానుతో, దక్కనీ గచ్చుతో లేచిన ఒక బజారుమేడక్రింద, నాలుగుభాషలవారు బేరమాడు వసారాలో నిలిచినచో అది కన్నులకు కట్టును. నవాబుల మహళ్లను కాపాడుటకు ప్రజలు పోరాడిరి. ప్రజల మేడలను కాపాడుటకు ప్రజలు పోరాడకుండుట వింత. కార్పొరేషనువారు వచ్చు వేసవిలోగా వీధిపట్టికను సిద్ధపరతురనియు, వర్తకులు తమ పూర్వులిచ్చిన నీడను వీధికి మరల నిత్తురనియు ఆశించుచున్నాము. నీడను కూల్చుటకు ఒక్క రాత్రి చాలును; మరల మొలిపించుటకు నూరేండ్లు పట్టును.